ఇంగ్లిష్ ఉచ్చారణ: ముందు చెవి, తర్వాత నాలుక

పడమర అనే అర్థం ఇచ్చే ఇంగ్లిష్ మాటను తెలుగులో రాయండి: వెస్ట్. బ్రిటన్‌లో బనియనుకు వాడే మాటను రాయండి: వెస్ట్. కాగితం మీద రెండింటికీ తేడా లేదు. మన నోట కూడా లేదు, చాలామందికి చెవిలోనూ లేదు. ఇంగ్లిష్ మాతృభాషగా పెరిగినవారికి మాత్రం, మనకు పాట, బాట ఎంత వేరో ఇవి అంత వేరు. ఉచ్చారణ దగ్గర మనం పడే తిప్పలకు మూలం ఇక్కడే ఉంది. రాతలో ఒకటైపోయిన ధ్వనులు చెవిలోనూ ఒకటైపోతాయి. చెవి విడదీయలేని వాటిని నాలుక విడదీయలేదు.

ఏళ్ల తరబడి పెద్దవారికి ఇంగ్లిష్ పలకడం నేర్పుతున్నాను. మొదట్లో తొలిరోజే నోటి బొమ్మ గీసి, నాలుక ఎక్కడ ఆనాలో చూపించేవాణ్ని. తరగతిలో చక్కగా పలికినవారు గుమ్మం దాటగానే పాత పలుకుకే తిరిగి వెళ్లేవారు. క్రమం తిరగేసి, ముందు చెవికి పని చెప్పడం మొదలుపెట్టాక నేర్చుకున్నది నిలవసాగింది. ఈ మార్గదర్శి ఆ క్రమంలోనే సాగుతుంది. నేర్చుకునేవారికీ, నేర్పేవారికీ ఇద్దరికీ ఉద్దేశించి రాస్తున్నాను.

మొదటి అడుగు: గమ్యం తేల్చుకోండి

“నా యాస పోవాలి” అంటూ వచ్చేవారే ఎక్కువ. యాస పోవడం వేరు, మాట అర్థం కావడం వేరు. కెనడాలో ముర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1995లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. చైనీస్ మాతృభాషగా ఉన్నవారి ఇంగ్లిష్ మాటలను ఇంగ్లిష్ వారికి వినిపించి, విన్నది రాయమన్నారు, యాస ఎంత బలంగా ఉందో అంకె వేయమన్నారు. యాస చాలా ఎక్కువని తేల్చిన వాక్యాలను కూడా శ్రోతలు ఎన్నోసార్లు పొల్లుపోకుండా రాశారు. అంటే యాస ఉన్నంత మాత్రాన మాట చేరకుండా పోదు.

పైగా, ఎవరిలా పలకాలి అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఇంగ్లండ్‌లో ప్రామాణికంగా చెప్పే ఉచ్చారణలో ‘కార్’ చివరి ‘ర్’ వినిపించదు. అమెరికాలో ఎక్కువమంది, స్కాట్లండ్‌లో, ఐర్లండ్‌లో దాన్ని స్పష్టంగా పలుకుతారు. ‘వాటర్’లోని ‘ట’ను అమెరికన్లు నాలుక కొసతో ఒక్కసారి తాకించి వదిలేస్తారు, మన చెవికి అది దాదాపు ‘ర’లా వినిపిస్తుంది. వీరంతా మాతృభాషీయులే. కాబట్టి నిఘంటువులు, పాఠాలు ఎక్కువగా దొరికే రెండు ప్రామాణిక రూపాల్లో, అంటే బ్రిటిష్, అమెరికన్ రూపాల్లో ఒకదాన్ని నమూనాగా పెట్టుకోండి. దాన్ని కొలబద్దగా వాడండి, ముసుగుగా తొడుక్కోవద్దు.

ఇంకో సంగతి. మీరు రోజూ మాట్లాడేది ఎవరితో? ఇంగ్లిష్ మాతృభాష కానివారితోనే అయితే ప్రాధాన్యాలు కొంత మారతాయి. వేర్వేరు భాషలవారు తమలో తాము ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేటప్పుడు మాట ఎక్కడ తెగిపోతోందో బ్రిటిష్ భాషావేత్త జెన్నిఫర్ జెంకిన్స్ పరిశీలించి, 2000లో ఒక కనీస జాబితా ప్రతిపాదించారు. హల్లులు చాలావరకు స్పష్టంగా పలకడం, పదం మొదట వచ్చే జంట హల్లులను విడగొట్టకపోవడం, హ్రస్వ దీర్ఘాల తేడా, వాక్యంలో ముఖ్యమైన మాట మీద ఊనిక (ఇంగ్లిష్‌లో ‘స్ట్రెస్’ అనేది) అందులో ఉన్నాయి. ‘థ్యాంక్’ మొదట్లో నాలుకను పళ్ల మధ్య పెట్టి గాలి ఊదే ధ్వని ఆ జాబితాలో లేదు. పదంలోని ఊనిక కూడా అందులో ప్రధానం కాదు. ఆ రెండో విషయంలో నాది వేరే అభిప్రాయం, కారణం ఐదో అడుగులో చెబుతాను.

రెండో అడుగు: మీ జాబితా మీరే తయారు చేసుకోండి

ఫోనులో రెండు రికార్డింగులు చేయండి. ఒకటి చదివినది, ఒకటి ఏమీ చూడకుండా మీ పని గురించి చెప్పినది. రెండు నిమిషాల చొప్పున చాలు. తెలుగు రాని ఒకరికి వినిపించి, విన్నది విన్నట్టు రాయమనండి. తెలుగువారికి వినిపిస్తే లాభం లేదు, మన తప్పులు మనవారికి అర్థమైపోతాయి. వారు తప్పుగా రాసిన మాటలు, ఖాళీ వదిలిన చోట్లు, మళ్లీ వినిపించమని అడిగిన చోట్లు గుర్తు పెట్టండి. అదే మీ జాబితా. ఫోనులోని స్వర టైపింగును కూడా వాడవచ్చు కానీ వాక్యాలతో కాదు. సందర్భాన్ని బట్టి అది ఊహించి సరిదిద్దుతుంది. విడి మాటలతో పరీక్షించండి.

జాబితాలో మొదటి మూడింటినే తీసుకోండి. మిగతావి తర్వాత.

మూడో అడుగు: చెవికి తర్ఫీదు

ఒక్క ధ్వనితో మాత్రమే తేడా ఉన్న మాటల జంటలు కావాలి. ‘షిప్’, ‘షీప్’ అందరూ చెప్పే జంట, కానీ హ్రస్వ దీర్ఘాలు పుట్టుకతో వచ్చిన మనకు అది కష్టం కాదు. ‘పెన్’, ‘పెయిన్’ కూడా అంతే. హ్రస్వమైన ‘ఎ’, ‘ఒ’ తెలుగులో ఉండటం మనకు కలిసివచ్చిన సంగతి. మనకు పనికొచ్చే జంటలు వేరు: పడమర, బనియను అర్థాలిచ్చే రెండు ‘వెస్ట్’లు. తీగ, ద్రాక్ష మద్యం అర్థాలిచ్చే రెండు ‘వైన్’లు. చెవి, సంవత్సరం అర్థాలిచ్చే రెండు ‘ఇయర్’లు. ‘ప్రైస్’, ‘ప్రైజ్’. ‘క్యాప్’, ‘క్యాబ్’.

సాధన ఇలా చేయండి. నిఘంటువుల వెబ్‌సైట్లలో ప్రతి మాట పక్కన వినే గుర్తు ఉంటుంది. ఒక జంటను స్నేహితుల చేత ఏ వరుసా లేకుండా ఇరవై సార్లు వినిపించుకోండి. మీరు మాట అనవద్దు, ఒకటో రెండో వేలు మాత్రం చూపండి. వెంటనే తప్పో ఒప్పో చెప్పించుకోండి. ఇరవైలో పద్దెనిమిది సరిగ్గా వచ్చేదాకా ఆ ధ్వనిని పలికే జోలికి వెళ్లవద్దు. ఈ నియమం కొందరికి విసుగు పుట్టిస్తుంది, అయినా నేను సడలించను.

ఒకే గొంతుతో సాధన చేస్తే ఆ గొంతునే గుర్తుపట్టడం నేర్చుకుంటారు. జపనీస్‌లో ‘ర’, ‘ల’ తేడా లేదు. 1991లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో జపనీయులకు పలువురి గొంతులతో, పలు మాటల్లో ఆ తేడా వినిపిస్తూ తర్ఫీదు ఇచ్చారు. వారి వినికిడి మెరుగుపడింది. అందుకే ఆడ గొంతు, మగ గొంతు, బ్రిటిష్, అమెరికన్, అన్నీ కలిపి వినండి.

ఈ దశలోనే ఒక అలవాటు మానాలి. మాట పక్కన తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకోవడం. రెండు ‘వెస్ట్’లను ఒకటి చేసింది ఆ రాతే. ఈ వ్యాసంలో గత్యంతరం లేక నేనూ అలాగే రాస్తున్నాను, అందుకే ప్రతిచోటా అర్థం చెప్పి విడదీయాల్సి వస్తోంది. 1886లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం ధ్వనికి ఒక గుర్తు చొప్పున ఒక లిపి తయారు చేసింది. మంచి నిఘంటువులు చాలావరకు దాన్ని వాడతాయి. మొత్తం అక్కర్లేదు, మీ జాబితాలోని ధ్వనుల గుర్తులు నేర్చుకుంటే చాలు. ఇంగ్లిష్ వర్ణక్రమాన్ని నమ్ముకునే వీలు ఎలాగూ లేదు. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో ఉన్న ధ్వనులు సుమారు 44, అక్షరాలు 26. 1476లో ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం వచ్చి వర్ణక్రమం గట్టిపడుతున్న కాలంలోనే దీర్ఘాచ్చుల పలుకు మారిపోతూ ఉండేది. రాత పాత పలుకు దగ్గర ఆగింది, నోరు ముందుకు సాగింది.

నాలుగో అడుగు: నోటిని మలచడం

ఇక్కడ మనకు పెద్ద ఆస్తి ఉంది. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని బడిలో చదువుకున్నాం. అక్షరమాలలోనే నోటి పటం ఉంది. దాన్ని బయటికి తీయండి.

‘ట’, ‘డ’లతో మొదలుపెడదాం. మన ‘ట’ మూర్ధన్యం: నాలుక కొస పైకి మడిచి అంగిలిని తాకిస్తాం. మన ‘త’ దంత్యం: కొస పళ్లకు ఆనుతుంది. ఇంగ్లిష్ ‘ట’ ఈ రెండింటికీ నడుమ, పై పళ్ల వెనక ఉన్న చిగురు గట్టు మీద పుడుతుంది. త, ట, త, ట అని నెమ్మదిగా అంటూ నాలుకను ఆ మధ్యలో ఆపండి. అయితే ‘ట’ మూర్ధన్యంగా పలికినా మాట అర్థమవుతుంది, దీని మీద వారాలు ఖర్చు చేయవద్దు.

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది రెండు ‘వ’లకు. మన ‘వ’ ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. పై పళ్లు కింది పెదవి దగ్గరికి వస్తాయి కానీ గట్టిగా ఆనవు. అద్దం ముందు కూర్చోండి. బనియను ‘వెస్ట్’ కోసం పై పళ్లను కింది పెదవి లోపలి అంచున ఆనించి, ‘ఫ్’ అని గాలి ఊదండి. ఆ గాలి ఆపకుండా గొంతు కలపండి. పెదవి చక్కిలిగిలి పెట్టినట్టు అదరాలి. మూడు సెకన్లు అలా అదిరిస్తూ ఉండి తర్వాత ‘ఎస్ట్’ అనండి. పడమర ‘వెస్ట్’ కోసం పళ్లు కనపడకూడదు. దీపం ఊదేటట్టు పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఊ’ అని, ఆ ‘ఊ’ నుంచి జారి ‘ఎస్ట్’లోకి వెళ్లండి: ఊ-ఎస్ట్. మొదట్లో నాటకంలా అనిపిస్తుంది. అనిపించనివ్వండి. ఒకామె నెలరోజుల పాటు రోజూ ఐదు నిమిషాలు అద్దం ముందు ఇదే చేశారు. ఒకరోజు ఫోనులో మాట్లాడుతుండగా తన పెదవి అదరడం తనకే తెలిసిందట. ఆ రోజు నుంచి అద్దం అవసరం రాలేదు.

‘ప్రైజ్’ చివరి ధ్వనికీ, ‘జిప్’ మొదటి ధ్వనికీ దారి తెలుగులోనే ఉంది. ‘జడ’, ‘జాబిలి’ అనేటప్పటి దంత్య జకారం, ‘జీవం’, ‘జెండా’ అనేటప్పటి తాలవ్య జకారం ఒకటి కావు. ‘జడ’ అనబోయి, నాలుక పళ్ల వెనక తగలకముందే ఆపి గాలిని రాపిడితో వదిలితే ఆ ధ్వని వస్తుంది. లేదా ‘స్’ అని బుసకొడుతూ మధ్యలో గొంతు కలపండి. గొంతు మీద చెయ్యి పెడితే తుమ్మెద రొద తగులుతుంది.

పదం మొదట, ఊనిక ఉన్నచోట వచ్చే ‘ప’, ‘ట’, ‘క’లను ఇంగ్లిష్ వారు మహాప్రాణాలకు దగ్గరగా పలుకుతారు. ‘పిన్’ను మనం మామూలు ‘ప’తో అంటే వారికి ‘బిన్’ అని వినిపించే ప్రమాదం ఉంది. ప, హ కలిపి ఒక్క ఊపిరిలో అనండి. పెదవుల ముందు సన్నని కాగితం ముక్క పట్టుకోండి. ‘పిన్’ అంటే అది ఎగరాలి, ‘స్పిన్’ అంటే కదలకూడదు. సకారం తర్వాత ఆ ఊపిరి ఉండదు.

పదం మొదట్లో అచ్చు వస్తే తెలుగు నోరు దానికి తోడు తెచ్చుకుంటుంది. ‘ఎక్కడ’ను ‘యెక్కడ’ అనీ, ‘ఒకటి’ని ‘వొకటి’ అనీ అంటాం కదా, అలాగే ‘ఎగ్’ ‘యెగ్’ అవుతుంది, ‘ఓన్లీ’ ‘వోన్లీ’ అవుతుంది. చెవి, సంవత్సరం ఒకటైపోయేది ఇందువల్లే. ‘క్యాట్’, ‘బ్యాంక్’ అని రాయడం వల్ల లేని యకారం కూడా నోట్లోకి వస్తుంది. ఆ మాటల్లోని అసలు అచ్చు నిజానికి మన దగ్గర ఉంది. ‘మేక’, ‘మేడ’ అనేటప్పుడు చాలామంది నోట ఆ ‘ఏ’ వెడల్పై ‘ఆ’ వైపు వాలుతుంది. ఆ అచ్చునే కొంచెం కురచ చేసి, యకారం లేకుండా ‘బ’ పక్కన పెట్టండి.

చివరగా పదాంతాలు. తెలుగు అజంత భాష. మాట హల్లుతో ముగిస్తే మనకు ఏదో వెలితి, అందుకే బస్సు, రోడ్డు, ఫోను అన్నాం. తెలుగులో అది అందమే. ఇంగ్లిష్ వాక్యంలో ఆ ఉకారం అదనపు అక్షరంగా వినిపించి లయను చెడగొడుతుంది. ‘స్టాప్’ అని పెదవులు మూసి, రెండు అంకెలు లెక్కపెట్టేదాకా తెరవకండి. ఇక పదాంతంలోని పరుషాలు (ప, ట, క లాంటివి), సరళాలు (బ, డ, గ లాంటివి), వీటి తేడాకు ఒక కిటుకు: పరుషం ముందు అచ్చు కురచబడుతుంది, సరళం ముందు సాగుతుంది. ‘క్యాప్’ కంటే ‘క్యాబ్’, ‘సీట్’ కంటే ‘సీడ్’ పొడవు. ఇంగ్లిష్ చెవి చివరి హల్లు కంటే ఆ పొడవునే ఎక్కువగా పట్టుకుంటుంది.

భూతకాలపు ప్రత్యయానికి మూడు పలుకులు ఉన్నాయి. ట, డ ధ్వనుల తర్వాత ‘ఇడ్’: ‘వాంటిడ్’. గొంతు కలవని ఇతర హల్లుల తర్వాత ‘ట్’: ‘వాక్ట్’. మిగతా చోట్ల ‘డ్’: ‘ప్లేడ్’.

ఐదో అడుగు: ఊనిక

ఇదే అసలు ఘట్టం. ధ్వనులన్నీ కుదిరినా ఊనిక తప్పితే ఇంగ్లిష్ మాతృభాషీయులు మాటను గుర్తుపట్టలేకపోవచ్చు. వారు మాటను ఊనిక ఉన్న అక్షరం నుంచి వెతుక్కుంటారు. జెంకిన్స్ జాబితాతో నేను విభేదించేది అందుకే.

ఛందస్సు చదివినవారికి ఇది తేలిక. పద్యానికి గురులఘువులు గుర్తించినట్టే ప్రతి ఇంగ్లిష్ మాటకూ గుర్తించాలి. కాకపోతే తెలుగులో గురువును నిర్ణయించేది అక్షర స్వరూపం, ఇంగ్లిష్‌లో నిర్ణయించేది ఆ మాట చరిత్ర. చూసి చెప్పలేం, నేర్చుకోవాలి. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం గురువు, ‘ఫొటోగ్రఫీ’లో రెండోది, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడోది. మనం ‘డెవలప్‌మెంట్’ అని మొదటి అక్షరం మీద బరువు వేస్తాం, అది పడాల్సింది రెండో అక్షరమైన ‘వె’ మీద. ‘రికార్డ్’ నామవాచకమైతే ఊనిక మొదట, క్రియ అయితే చివర. కొన్ని సూత్రాలు సాయపడతాయి: ‘షన్’తో గానీ ‘ఇక్’తో గానీ ముగిసే మాటల్లో ఊనిక సాధారణంగా దానికి ముందరి అక్షరం మీద. ఎడ్యుకేషన్‌లో ‘కే’, ఎకనామిక్‌లో ‘నా’.

ఊనిక అంటే గట్టిగా అరవడం కాదు. ఆ అక్షరం సాగుతుంది, శ్రుతి పెరుగుతుంది, అచ్చు విచ్చుకుంటుంది. అదే సమయంలో మిగతా అక్షరాలు ముడుచుకుంటాయి, మనం వదిలేసేది ఈ రెండో సగాన్నే. ‘కంప్యూటర్’ మొదటి, చివరి అచ్చులు తెలుగు ‘అ’ను సగానికి కుదించినట్టు, ఏ రంగూ లేకుండా పలకాలి. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే తరచుగా వచ్చే అచ్చు ఇదే. వెడల్పాటి రబ్బరు బ్యాండును రెండు చేతులతో పట్టుకుని, ఊనిక ఉన్న అక్షరం దగ్గర సాగదీసి, మిగతా చోట్ల వదిలేయండి. చేతికి తెలిసింది నోటికి త్వరగా వస్తుంది.

వాక్యంలోనూ ఇంతే. “ఎర్ర పుస్తకం నాకు కావాలి”, “ఎర్ర పుస్తకమే నాకు కావాలి”, “ఎర్ర పుస్తకం నాకే కావాలి”. ఒక్క ఏకారంతో మనం చెప్పదలచుకున్న చోటు చూపిస్తాం. ఇంగ్లిష్‌లో ఆ ఏకారం లేదు. “ఐ వాంట్ ద రెడ్ బుక్” అనే వాక్యంలో మాటలు కదలకుండా అదే పని గొంతు చేస్తుంది. ‘రెడ్’ మీద బరువేస్తే నీలిది కాదని, ‘ఐ’ మీద వేస్తే ఇంకొకరికి కాదని. మనం బరువంతా సమానంగా పరిచి మాట్లాడితే, మన మాటలన్నీ అందినా మన ఉద్దేశం అందదు. మాట్లాడేముందు వాక్యాన్ని తెలుగులో అనుకుని ఏకారం ఎక్కడ పడుతుందో చూడండి. ఇంగ్లిష్‌లో గొంతు అక్కడ లేవాలి.

ఆరో అడుగు: రోజువారీ సాధన

పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ. ఐదు నిమిషాలు జంట మాటలు వినడం, ఐదు నిమిషాలు అద్దంతో, చివరి ఐదు నిమిషాలు నీడ సాధన: అరనిమిషం పాటు సాగే సహజమైన సంభాషణ ముక్క తీసుకుని, వక్త వెనకే అరక్షణం తేడాతో పలుకుతూ పోవడం. మొదటిరోజు మాటలు వదిలేసి రాగం మాత్రం కూనిరాగంలా తీయండి. రెండో రోజు మాటలు చేర్చండి. వారమంతా అదే ముక్క.

నేర్పేవారికి

మాతృభాషీయులే మంచి ఉపాధ్యాయులనే నమ్మకం సరి కాదు. వారికి తప్పు వినిపిస్తుంది, కానీ తర్ఫీదు లేకపోతే తమ నాలుక ఏం చేస్తోందో వారు చెప్పలేరు. మనం ‘జడ’లోని జకారం ఎలా పుడుతుందో ఆలోచించకుండానే అంటున్నట్టే. ఆ దారిలో నడిచి వచ్చిన మన ఉపాధ్యాయులకు ఎక్కడ కాలు జారుతుందో తెలుసు. వారు తమ పలుకును తక్కువ చేసుకోకుండా, నమూనా కోసం రికార్డింగులు వాడుకోవాలి. ఇద్దరూ కలిసి నేర్పే వీలుంటే ఇంకా మేలు.

మాట్లాడుతుండగా ఆపి దిద్దకండి. రాసుకోండి, చివర ఒకటి రెండు మాత్రమే చెప్పండి. పొడవైన మాటను చివరి నుంచి కట్టండి: మెంట్, లప్‌మెంట్, వెలప్‌మెంట్, డివెలప్‌మెంట్. తప్పును అనుకరించి చూపించవద్దు. ఒకసారి నవ్వులపాలైన గొంతు చాలా రోజులు తెరుచుకోదు.

మాతృభాషీయులకూ ఇందులో సగం బాధ్యత ఉంది. అర్థం కానప్పుడు అదే వాక్యం గట్టిగా అనడం కాకుండా, మాటల గుంపుల మధ్య ఆగడం, జాతీయాలు తగ్గించడం, వేరే మాటల్లో చెప్పడం నేర్చుకోవాలి. కొత్త యాసకు వారి చెవి కూడా అలవాటు పడగలదు, కొద్ది నిమిషాలు శ్రద్ధగా వింటే చాలా తేడా వస్తుంది.

ఆరు వారాలకు మొదటి రికార్డింగులోని పాఠాన్నే మళ్లీ రికార్డు చేసి, తెలుగు రాని ఇంకొకరికి వినిపించి రాయించండి. ఈసారి సరిగ్గా రాసిన మాటల పక్కన టిక్కు పెట్టి, జాబితాలో తర్వాతి ధ్వనికి జంట మాటలు వెతకడం మొదలుపెట్టండి.